రెండు తేదీల కార్డు

బండి నంబరు చూసి ఊరు చెప్పేయడం మన జిల్లాల్లో చదువు లేనివాళ్లకూ వచ్చిన విద్య. కరీంనగర్ ఉమ్మడి రాష్ట్రంలో ఏపీ 15, తెలంగాణ వచ్చాక టీఎస్ 02, 2024 నుంచి టీజీ 02. ఆదిలాబాద్‌కు మొదటి అక్షరాలు మారినా 01 మారలేదు. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక నిర్మల్‌కు 18, మంచిర్యాలకు 19, జగిత్యాలకు 21, పెద్దపల్లికి 22 వచ్చాయి. డ్రైవింగ్ లైసెన్సు నంబరుకూ తల ఇదే: రాష్ట్రం, ఆఫీసు, ఆ వెనుక ఇచ్చిన సంవత్సరం, వరుస సంఖ్య. ఇక్కడిదాకా ఎవరికీ చిక్కు లేదు. చిక్కంతా ఆ కింద ఇంగ్లిషులో ఉన్న ఎన్‌టీ, టీఆర్ అనే పొడి అక్షరాలతో, వాటి పక్కనున్న రెండు తేదీలతో.

ఎన్‌టీ పక్కనున్నది సొంత బండి నడిపే గడువు, టీఆర్ పక్కనున్నది కిరాయి బండి గడువు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం ముప్పై ఏళ్లలోపు లైసెన్సు తీసుకుంటే మొదటిది నలభై ఏళ్లు నిండేదాకా నడుస్తుంది. రెండోది అయిదేళ్లకే అయిపోతుంది. పాతికేళ్ల ట్రాలీ డ్రైవరు కార్డు చూస్తే పదిహేనేళ్ల తర్వాతి తేదీ కనబడుతుంది, ఇంకా చాలా టైముందనుకుంటాడు. గడువు దాటినా ముప్పై రోజులు చెల్లే పాత వెసులుబాటును అదే సవరణ తీసేసింది. ఏడాది దాటితే మళ్లీ బండి నడిపి చూపించాలి. ఈలోపు రాజీవ్ రహదారి మీద ఏదైనా జరిగితే బీమా కంపెనీ మొదట అడిగేది ఆ రెండో తేదీనే. ఎల్ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) అన్న మూడక్షరాల సంగతి ఇంకో కథ. ఆ లైసెన్సుతో కిరాయి ఆటో నడపొచ్చా అన్న ప్రశ్నకు 2017లో సుప్రీంకోర్టు నడపొచ్చంది. బీమా కంపెనీలు ఒప్పుకోలేదు. చివరకు 2024 నవంబరు 6న అయిదుగురు జడ్జీల ధర్మాసనం కూర్చుని, 7,500 కిలోల లోపు బండ్లకు వేరే అనుమతి అక్కర్లేదని తేల్చింది. జడ్జీలకే ఏడేళ్లు పట్టిన మూడక్షరాలను ఆటోడ్రైవరు తనంతట తాను అర్థం చేసుకోవాలట!

కిరాయి బండి నడపాలంటే ఎనిమిదో తరగతి చదివుండాలన్న నిబంధనను కేంద్రం 2019లోనే ఎత్తేసింది. మంచి పనే. చదువు రాని మనిషి లారీ భేషుగ్గా నడపగలడని సర్కారు ఒప్పుకున్నట్టే కదా. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి దేశమంతటికీ ఒకే తీరు కార్డు తెచ్చింది. లెర్నింగ్ పరీక్ష తెలుగులో రాయనిచ్చి, పాసైనవాడి చేతిలో ఇంగ్లిషు కార్డు పెడుతున్నారు.

కార్డు మీద తెలుగు కూడా ఉండాలంటే, ఆదిలాబాద్ లారీ 44వ నంబరు రహదారి ఎక్కి నాగపూర్ పోతే అక్కడి పోలీసు తెలుగెట్లా చదువుతాడని అడుగుతారు. సరైన ప్రశ్నే, ఇంగ్లిషు తీసేయమని ఎవరూ అనడం లేదు. ఆధార్ కార్డు మీద తెలుగూ ఇంగ్లిషూ పక్కపక్కనే ఉన్నాయి, అది దేశమంతా చెల్లుతోంది. ఉట్నూరు గోండు కుర్రాడికి తెలుగూ పరాయి భాషేనన్న మాటలో నిజముంది. కానీ బడిలో అతను అక్షరాలు దిద్దింది తెలుగులోనే. క్యూఆర్ కోడ్‌లో అన్నీ ఉన్నాయి కదా అంటే, దాన్ని గీకి చూసేది తనిఖీ చేసేవాళ్లు. ఇక ఏజెంటు చెబుతాడులే అన్న ధీమా ఒకటుంది. ఏజెంటు చెబుతాడు, ఊరికే కాదు. ఏ డాక్టరూ మళ్లీ పరీక్షించకుండా రక్తం ఎక్కించడు. అయినా బ్లడ్ గ్రూపుకు ఆ కార్డు మీద చోటు దొరికింది. రెండు తేదీల పక్కన ‘సొంత బండి’, ‘కిరాయి బండి’ అని రాయడానికి దొరకదా?