పాటలో నిలిచిన నగరము

చూడని ఊరిని మనస్సునకు దగ్గర చేయు శక్తి పాటకు కలదు. తెలుగునాట ఎన్నో పాఠశాలలలో చిన్నపిల్లలు తమ జిల్లాలోని నది పేరు నేర్వకముందే, లండను వంతెన కూలుటను గూర్చిన ఆంగ్ల బాలగేయమును చేతులు కలిపి ఆడుచు పాడుచుందురు. ఆ వంతెన కథ విచిత్రమైనది. 1209లో పూర్తియైన రాతివంతెన ఆరువందల ఏండ్లకు పైగా థేమ్సు నదిపై నిలిచి, 1831లో క్రొత్త వంతెనకు చోటిచ్చినది. ఆ క్రొత్తదానిని 1968లో ఒక అమెరికను వ్యాపారి కొని, దాని రాళ్ళను సముద్రము దాటించి, 1971 నాటికి ఆరిజోనా రాష్ట్రమున తిరిగి నిలిపెను. లండనులో నేడున్న వంతెన 1973లో ప్రారంభమైనది. వంతెనలు మారినవి; పాట మారలేదు. రాతికంటె మాట గట్టిదనుటకు ఇంతకన్న సాక్ష్యమేల?

నగరమును, అందలి ప్రసిద్ధ స్థలములను పేర్కొను పాటలను మనవారు సాధారణముగ వినోదమునకు విని విడిచిపెట్టుదురు. అవి సినిమా పాటలైనచో తెలుగు ఉపాధ్యాయుడు వానిని తరగతిగది గడప దాటనీయడు. ఇది విచారింపదగిన విషయము. ఇట్టి పాట ఒక కాలపు సాక్ష్యము. ఎవరు, ఏ సంవత్సరమున, ఎచ్చట నిలిచి ఆ నగరమును చూచిరో అది తెలుపును. సాక్షిని ప్రశ్నించునట్లు పాటను ప్రశ్నింప నేర్పినచో, పిల్లలకు భాషయు చరిత్రయు ఒక్కసారిగ అబ్బును.

నగరమును వర్ణించుట మనకు క్రొత్త కాదు. దండి కావ్యాదర్శమున మహాకావ్యమునకు విధించిన వర్ణనలలో నగరమే మొదటిది. మన ప్రబంధకవులు ఆ విధిని శ్రద్ధగ పాటించిరి. కాని పెద్దనగారి అరుణాస్పదపురమును వెదకికొనుచు పోయినచో ఏ త్రోవయు అచటికి చేర్పదు. అందలి మేడలు చంద్రుని తాకును. తోటలు నందనమును పరిహసించును. అది ఊహానగరము. దాని అందము దానిదే. దానికి చిరునామా మాత్రము లేదు.

చిరునామా గల నగరము మనకు క్రీడాభిరామమున కనిపించును. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన ఈ వీథినాటకమున మంచనశర్మ, టిట్టిభసెట్టి అను మిత్రులిద్దరు ఓరుగంటి వీథులలో తిరుగుదురు. గుడులు, పూటకూళ్ళ ఇండ్లు, కోడిపందెములు, వీరగాథలు పాడువారు, అన్నియు వారి కంటబడును. కాకతీయ సామ్రాజ్యము 1323లో అంతరించినది. ఓరుగల్లు కోటలో నేడు తోరణములును శిథిలములును మిగిలినవి. ఆ వీథులలోని రద్దీని, అంగడి బేరమును, పూటకూటి రుచిని తెలిసికొనవలెనన్నచో ఈ పుస్తకమునే తెరువవలెను. శాసనములు రాజు దానమును చెప్పును. వీథిలో నడచినవాని మాటను ఇట్టి రచనయే చెప్పును. సినిమా పాట నగరమును చుట్టి చూపునపుడు, అది తెలిసియో తెలియకయో మంచనశర్మ నడచిన దారినే నడచుచున్నది.

ఇక హైదరాబాదు సంగతి. ఈ నగరమును 1591లో స్థాపించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా స్వయముగ కవి. అతడు దక్ఖనీ భాషలో పండుగలను, వానలను, వసంతోత్సవములను, తన మహలులను పాడెను. నదిలో చేపలు నిండినట్లు తన నగరము జనముతో నిండవలెనని దైవమును వేడుకొనిన భావము అతని కవితలలో మిక్కిలి ప్రసిద్ధము. అతని తండ్రి ఇబ్రహీమును తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకొనిరి. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానమును ఆ ప్రభువునకే అంకితమిచ్చెను. అందుచే ఈ నగరమునకు పునాదిరాళ్ళతోపాటే కవిత్వమును పడినదనుట అతిశయోక్తి కాదు.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము ఏర్పడి హైదరాబాదు దానికి రాజధాని యైనది. మరుసటి సంవత్సరమే, 1957లో, కె. బి. తిలక్ దర్శకత్వమున ‘ఎం. ఎల్. ఎ.’ అను చిత్రము వచ్చినది. అందు ఆరుద్ర వ్రాయగా, పెండ్యాల నాగేశ్వరరావు స్వరపరచగా, ఘంటసాల పాడిన భాగ్యనగరపు పాట ఊరూర మారుమ్రోగినది. క్రొత్త ఇల్లు కట్టుకొనిన గృహస్థు చుట్టములకు గదులన్నియు త్రిప్పి చూపునట్టి సంబరము ఆ పాటలో కలదు. మూడు కోట్ల ఆంధ్రులకు ఇది ముఖ్యనగరమని అందు చాటిరి. 1961 జనాభా లెక్కలలో ఆ రాష్ట్ర జనసంఖ్య 3 కోట్ల 59 లక్షలు. కవి చెప్పిన అంకె ఆనాటి యథార్థమునకు దూరము కాదు.

నేడా మాటలు యథాతథముగ చెల్లవు. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడినది. హైదరాబాదు పది సంవత్సరముల వరకు ఉమ్మడి రాజధానిగ నుండి, 2024 జూన్ 2తో ఆ గడువు తీరి, తెలంగాణకు మాత్రమే రాజధానిగ నిలిచినది. అట్లని ఆ పాట అబద్ధమైనదా? కాలేదు. అది 1957 నాటి సంబరమునకు సాక్షి. దానిని విని మురియువారును, నొచ్చుకొనువారును ఉండవచ్చును. ఇరువురును దాని నెత్తిన సంవత్సరమును చూచి వినవలెను. తేదీ లేని సాక్ష్యము తగవులను పెంచును. తేదీ గల సాక్ష్యము తెలివిని పెంచును.

పదునాలుగేండ్ల తరువాత, 1971లో, ‘మట్టిలో మాణిక్యం’ చిత్రమున అదే నగరము వేరొక గొంతున పలికినది. ఇందు పాడువాడు రిక్షా త్రొక్కువాడు. చార్మినారు, శాసనసభ, జూబిలీహాలు, హుస్సేన్ సాగరము, దాని కావల సికిందరాబాదు, ఇవి యన్నియు అతని పాటలో వచ్చును. పటము తెరచి చూచినచో ఇవి దక్షిణమునుండి ఉత్తరమునకు నిజముగ నడువదగిన త్రోవలోనే యున్నవి. కాని ఇవి అతనికి చూడవచ్చిన వింతలు కావు. పొట్టకూటికై రోజును దాటుచుండు మజిలీలు. తన మూడు చక్రముల బండి మోటారుకారునకు తీసిపోదని అతడు ధీమాగ పాడును. అదే చార్మినారు, అదే చెరువు. చూచు కన్ను మారినది. త్రొక్కుడు రిక్షా నేడు ఆ వీథులలో అరుదైనది. దానిపై బ్రతికిన వేలమంది ఉత్సాహమును, అలసటను జ్ఞప్తికి తెచ్చుటకు ఏ స్మారకచిహ్నమును కట్టబడలేదు. పాట ఒక్కటి మిగిలినది.

ఇట్టి భేదమే బొంబాయి విషయమునను కనబడును. 1956 నాటి ‘సి. ఐ. డి.’ అను హిందీ చిత్రమున మజ్రూహ్ సుల్తాన్‌పురి వ్రాసిన పాట ఆ నగరమును పొగడుచునే అచట బ్రతుకు ఎంత కష్టమో చెప్పినది. అందు ట్రాములును, మిల్లులును పేర్కొనబడినవి. బొంబాయిలో ట్రాములు 1964లో ఆగిపోయినవి; 1995లో నగరము పేరే ముంబయి యైనది. మిల్లుల నేలపై నేడు ఆకాశహర్మ్యములు లేచినవి. పాట మాత్రము పాత పేరుతో, పాత ట్రాముతో తిరుగుచునే యున్నది.

అయితే పాట చెప్పినదెల్ల చరిత్ర యని నమ్ముట పొరపాటు. భాగ్యనగరమను పేరు భాగమతి యను సుందరి వలన వచ్చినదను కథ పాటలకు మిక్కిలి ప్రియమైనది. రాకుమారుడు ఆమెకొరకు వరదలో మూసీని దాటెననియు, అది చూచి తండ్రి పురానాపూల్ వంతెనను కట్టించెననియు చెప్పుదురు. ఆ వంతెన 1578లో పూర్తియైనది. మహమ్మద్ కులీ జన్మించినది 1565 ప్రాంతమున. అనగా వంతెన సిద్ధమగునాటికి ప్రేమికునికి పదుమూడేండ్లు! భాగమతి చారిత్రక వ్యక్తియా, కాదా యని పండితులు వాదించిరి. హెచ్. కె. షేర్వాణీ వంటి చరిత్రకారులు ఆ కథను అంగీకరింపలేదు. కథను తరగతిలో చెప్పవలదని దీని యర్థము కాదు. కథ చెప్పి, పిమ్మట నల్లబల్లపై ఈ రెండు సంవత్సరములను వ్రాసి, తీసివేత చేయుమని పిల్లలను అడిగిన చాలును. కథకును చరిత్రకును గల భేదము వారికి జీవితమంతయు గుర్తుండును.

పాట చెప్పినదానితో పాటు చెప్పక విడిచినదానిని కూడ చూడవలెను. నగరమును పొగడు పాటలు గోపురములను లెక్కించినంత శ్రద్ధగ గాయములను లెక్కింపవు. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదును ముంచినది. మృతులు పదునైదువేల మందియని అంచనా. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టునెక్కి నూటయేబదిమంది ప్రాణములు దక్కించుకొనిరని చెప్పుదురు. ఆ వరదలో తల్లిని, భార్యను, కుమార్తెను పోగొట్టుకొనిన ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ దుఃఖమును కవితగ వ్రాసెను. అటుపిమ్మట వరదలను అరికట్టుటకు ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయములు కట్టబడినవి. ఆ చింతచెట్టును చార్మినారువలె నగరమునకు గుర్తే. కాని విహారయాత్రకు పాడు పాటలో దానికి చోటు దొరకలేదు. అమ్జద్ కవితను ప్రక్కన పెట్టుకొని వినినపుడే వేడుక పాటకు నిండుదనము వచ్చును.

ఇందుకు పాఠశాలలకు వేరు పుస్తకములు, వేరు నిధులు అక్కరలేదు. నెలకొక గంట చాలును. ఒక పాటను వినిపింపుడు. అది వెలువడిన సంవత్సరమును పలకపై వ్రాయుడు. అందు పేర్కొనిన స్థలములను పటములో గుర్తింపుడు. ఏవి నిలిచినవి, ఏవి పోయినవి, ఏవి పేరు మార్చుకొనినవి యని అడుగుడు. పాడువాడు అతిథియా, గృహస్థుడా, కూలివాడా యని తర్కింపనిండు. విద్యార్థులు సినిమా పాటను తేలికగ చూడుట మానుదురు. దానిని గ్రుడ్డిగ నమ్ముటయు మానుదురు.

అంతకన్న ముఖ్యమైనది వేరొకటి కలదు. పెద్ద నగరములకు పాటలు కట్టువారు దొరికిరి. చిన్న ఊళ్ళకు ఎవరు కట్టుదురు? రైలుగేటు, సంతబయలు, ఊరి చెరువుగట్టు, మూతపడిన మిల్లు, శతాబ్దము నాటి పాఠశాల మెట్లు, ఇవియును గుర్తులే. వీనిని ఎరిగిన కవులు మరెచ్చటనో లేరు. ఆ తరగతి బల్లలపైననే కూర్చుండియున్నారు. తమ ఊరిపై పది పంక్తుల పాట కట్టి, క్రింద తేదీ వేయుమని ప్రతి విద్యార్థిని ఉపాధ్యాయుడు కోరవలెను. వానిలో ఎక్కువభాగము సామాన్యముగనే యుండవచ్చును. ఉండనిండు. ఏబది ఏండ్ల తరువాత ఆ చెరువు పూడిపోయిననాడు, ఆ పది పంక్తులే దాని గట్టు.