చెవి విరిగింది... తాళం చెడలేదు!

రాత్రి ఎనిమిదింబావు. విజయవాడలో ఓ ట్యూషన్ సెంటర్ ముందున్న సైకిళ్లన్నీ ఒక్కొక్కటిగా వెళ్లిపోయాయి. ఒక్కటే మిగిలింది. దాని పక్కన బిక్కమొహం వేసుకుని తొమ్మిదో తరగతి అమ్మాయి. ఆమె చేతిలో తాళంచెవి తల ఉంది. మిగతా సగం వెనకచక్రం తాళంలోనే ఉండిపోయింది.

వాచ్‌మన్ ఫోన్ నుంచి కబురందుకుని తండ్రి వచ్చాడు. వస్తూ వస్తూ ఇంట్లో ఉన్న రెండో చెవి తెచ్చాడు. ‘ఇదుంటే చాలదూ’ అనుకున్నాడు. కానీ అది దూరలేదు. దూరదు కూడా. లోపల మొదటి చెవి ముక్క అడ్డంగా ఉంటే రెండోదానికి చోటెక్కడ?

‘మెల్లగా తిప్పాలని తెలీదూ? అన్నిటికీ కంగారే నీకు!’

అమ్మాయి ఏదో చెప్పబోయి ఊరుకుంది.

పొద్దుట్నుంచీ ఆఫీసులో పడ్డ చిరాకంతా ఆ తాళం మీదికి మళ్లింది. పక్కనే పడున్న ఇటుకరాయి తీసుకుని ఒక్కటిచ్చాడు. తాళం కదల్లేదు. స్పోకు ఒకటి వంగింది. రెండో దెబ్బకు చెయ్యెత్తేసరికి ఎదురుగా షట్టర్ దించుతున్న సైకిల్ షాపు పెద్దాయన పరుగులాంటి నడకతో వచ్చాడు.

‘ఆగండి సార్. తాళం పోతే తాళమే పోతుంది. రిమ్ము వంగిందంటే చక్రమే మార్చాలి. చెవి విరిగింది గానీ తాళం ఎక్కడ చెడిందీ?’

చాలామందికి తట్టని సంగతి అదే!

లోపలున్నది ఇంకా చెవే

తాళంచెవి మీద ఎగుడుదిగుడు గాట్లుంటాయి కదా. చెవి లోపలికి వెళ్లగానే ఆ గాట్లు తాళంలోని సన్నని రేకుల్నో, పిన్నుల్నో ఒక్కోదాన్నీ ఒక్కో ఎత్తుకు లేపుతాయి. అన్నీ సరైన వరుసలోకి వచ్చినప్పుడే లోపలి గొట్టం తిరుగుతుంది. అంటే తాళం తీసేది గాట్లున్న భాగం. మనం పట్టుకునే తల తిప్పడానికి పిడి మాత్రమే. పిడి ఊడిందని కత్తి పదును పోతుందా? ఇదీ అంతే. గాట్లున్న ముక్క పూర్తిగా లోపలే ఉంటే అది తన పని చేస్తూనే ఉంటుంది. దాన్ని తిప్పేందుకు ఇంకో పిడి కావాలంతే.

పెద్దాయన చేసిందీ అదే. ముందు టార్చి వేసి చూశాడు. ముక్క లోపలికంటా ఉంది. తుప్పు ఛాయలు కనిపిస్తే రెండు చుక్కల కిరసనాయిలు వేశాడు. వేసి... బీడీ వెలిగించుకోకుండా పావుగంట ఊరికే కూర్చున్నాడు! తండ్రికి ఆ పావుగంట గంటలా తోచింది గానీ, తుప్పులోకి నూనె ఇంకాలంటే ఆ మాత్రం ఆగాల్సిందే.

తర్వాత ఎడంచేత్తో తాళం మీటను కిందికి అదిమి పట్టుకున్నాడు. ఈ చిట్కా గుర్తుంచుకోవాలి. గుండ్రటి సైకిల్ తాళంలో ఓ స్ప్రింగు ఉంటుంది. తాళం వేసి ఉన్నంతసేపూ అది కడ్డీని వెనక్కి లాగుతూనే ఉంటుంది. ఆ ఒత్తిడంతా లోపలి కొక్కెం మీద పడుతుంది. మీటను అదిమితే కొక్కెం వదులవుతుంది. అప్పుడు తిప్పడానికి బలం అక్కర్లేదు. కుడిచేత్తో సన్నటి స్క్రూడ్రైవర్ మొనను విరిగిన ముక్క అంచుకు ఆనించి మెల్లగా తిప్పాడు. ‘టక్’మంది. కడ్డీ వెనక్కి వెళ్లిపోయింది.

ముక్క మధ్యకి విరిగి, గాట్లు సగం లోపల, సగం చేతిలో ఉంటేనో? అప్పుడు చేతిలోని సగాన్ని రంధ్రంలో పెట్టి, విరిగిన అంచు అంచుకు తాకేలా నెట్టి, రెండూ కలిపి తిప్పి చూడాలి. చాలాసార్లు పనవుతుంది. అందుకే విరిగిన తలను విసుగ్గా విసిరేయకూడదు. తాళం తీయడానికి పనికిరాకపోయినా, రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి కొలత తీసి కొత్త చెవి కోసివ్వగలరు డూప్లికేట్ చెవులు చేసేవాళ్లు.

చేయకూడనివి

విరిగిన చెవి దగ్గర మొదట బుద్ధికి తోచేవే ఎక్కువ చేటు చేస్తాయి. పుల్లకి క్షణాల్లో అతుక్కునే జిగురు రాసి లోపల పెట్టి లాగుదామనుకుంటారు కొందరు. ఆ జిగురు చెవితో పాటు రేకుల్నీ పట్టేస్తే ఇక ఆ తాళం కోసేయాల్సిందే. ఇంకొందరు పిన్నీసుతో పొడుస్తారు. ముక్క మరింత లోపలికి పోతుంది. పిన్నీసు కూడా విరిగితే రెండు ముక్కలు!

ముక్క అంచు బయటికి కనిపిస్తుంటే సన్నమూతి కటింగ్ ప్లయర్‌తో పట్టి తిన్నగా లాగొచ్చు. కనిపించకపోతే చెక్క మీద నగిషీలు కోసే సన్నని రంపపు బ్లేడును చెవి పక్కనుంచి పోనిచ్చి, దాని పళ్లు చెవి గాట్లకు తగులుకునేలా చేసి లాగాలి. ఏది చేసినా ముందు రంధ్రం, చెవి మామూలుగా పెట్టి తీసే స్థితిలోనే ఉండాలి. కొంచెం తిరిగిన స్థితిలో విరిగితే లోపలి రేకులు ముక్కను పట్టి ఉంచుతాయి. ఎంత లాగినా రాదు. స్క్రూడ్రైవర్‌తో మొదటి స్థితికి తిప్పాకే లాగాలి.

ఏం చేసినా రాకపోతే కోయడమే దారి. అప్పుడూ ఒక లెక్కుంది. గుండ్రటి తాళం కడ్డీని ఒక్కచోట కోస్తే చక్రం తిరగదు. స్పోకులకు అటూ ఇటూ రెండుచోట్ల కోసి మధ్యముక్క తీసేయాలి. మామూలు కడ్డీ అయితే చేతి ఆక్సా బ్లేడు చాలు. గట్టి ఉక్కుదైతే గ్రైండర్ కావాలి. నిప్పురవ్వలు లేస్తాయి కాబట్టి టైరు మీద తడిగుడ్డ, కోసేవాళ్ల కంటికి అద్దాలు తప్పనిసరి. కిరసనాయిలు వేసిన చోట ముందు శుభ్రంగా తుడవాలి. నడిరోడ్డు మీద తాళం కోస్తుంటే ఎవరైనా దొంగతనమే అనుకుంటారు. సైకిల్ బిల్లు, ఫ్రేము మీద చెక్కి ఉండే నంబరు ఫొటో తీసి ఫోన్లో ఉంచుకుంటే ఆ ఇబ్బందీ తప్పుతుంది.

మోటార్ సైకిల్ హ్యాండిల్ లాక్‌లో చెవి విరిగితే మాత్రం సొంత ప్రయోగాలు వద్దు. హ్యాండిల్‌ని కాలితో తన్ని లాక్ విరగ్గొట్టడం చాలాచోట్ల కనిపిస్తుంది. లోపల విరిగిన ముక్క అడ్డం పడి, బండి నడుస్తుండగా హ్యాండిల్ పట్టేస్తే ప్రాణం మీదికొస్తుంది. పెట్రోల్ ట్యాంకు పక్కన గ్రైండర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. మెకానిక్‌నే పిలవాలి.

అసలెందుకు విరుగుతుంది?

తాతల కాలపు తలుపులకు జానెడు ఇనప చెవులుండేవి. బొడ్లో దోపుకుంటే బరువుగా వేలాడేవి. అవి విరగడం ఎవరూ ఎరగరు. అమెరికాలో లైనస్ యేల్ జూనియర్ 1861లో సన్నని బల్లపరుపు చెవితో పనిచేసే తాళానికి పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత్తర్వాత ఆ తరహా చెవులే లోకమంతా వ్యాపించాయి. మన దేశంలో తాళాలకు పేరుపడ్డ అలీగఢ్ నుంచి, 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన దిండిగల్ నుంచి ఎన్ని రకాలొచ్చినా, సైకిల్‌కి వాడేది మాత్రం ఎక్కువగా ఈ పల్చటి చెవే. తాళంచెవి అన్నా, చాబి అన్నా, బీగంచెవి అన్నా జేబులో ఇమిడిపోయే రేకుముక్కే. సౌకర్యం పెరిగింది, సత్తువ తగ్గింది.

పైగా చాలా సైకిల్ తాళాల్లో తాళం తీసి ఉన్నంతసేపూ చెవి బయటికి రాదు. తొక్కుతున్నప్పుడు అది బయటికి పొడుచుకునే ఉంటుంది. స్టాండులో పక్క సైకిల్ తగులుతుంది. పుస్తకాల సంచి తగులుతుంది. వంగిన ప్రతిసారీ చేత్తో సరిచేసి మళ్లీ వాడతాం. కాగితాలకు పెట్టే క్లిప్పును అటూ ఇటూ పదిసార్లు వంచితే ఏమవుతుంది? పుటుక్కుమంటుంది. చెవీ అంతే. లోతైన గాటు దగ్గర ముందు కంటికి ఆనని పగులు పుడుతుంది. వంగినప్పుడల్లా అది పెరుగుతుంది. ఓ రోజు తెగుతుంది. ఆ రోజు ఎంత మెల్లగా తిప్పినా తెగేదే!

అంటే చెవి చెప్పకుండా విరగదు. వంకర పోతుంది. తిప్పేటప్పుడు పట్టేస్తుంది. రెండుమూడుసార్లు ప్రయత్నిస్తేగానీ తిరగదు. ఆ గుర్తులు కనిపించిన రోజే దాన్ని పక్కనపెట్టి, వంగని రెండో చెవి చూసి కొత్తది చేయించాలి. వంగినదాన్ని చూసి చేయిస్తే దాని తప్పులే కొత్తదానికీ వస్తాయి. బిగుసుకుంటోందని కొబ్బరినూనె పోయకూడదు. దుమ్ము చేరి జిగటగా మారుతుంది. పెన్సిల్ ముల్లును పొడిచేసి చెవికి రాసి నాలుగుసార్లు పెట్టి తీస్తే చాలు, అందులోని గ్రాఫైటే నునుపు చేస్తుంది. నూనె పోసిన తాళంలో మాత్రం ఈ పొడి వేయొద్దు. రెండూ కలిస్తే ముద్దవుతుంది. ఇక రెండు చెవుల్నీ ఒకే రింగుకు తగిలించే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. పోతే రెండూ ఒకేసారి పోతాయి!

పెద్దాయన వంగిన స్పోకు సరిచేస్తూ విరిగిన తలను వెలుతురులో తిప్పి చూశాడు. ‘ఇది ఇవాళ విరిగింది కాదు సార్. అంచు చూడండి, సగం నల్లగా ఉంది. అంత మేరా ఎప్పుడో పగిలింది. మిగతా సగమే ఇవాళ తెగింది’ అన్నాడు.

తండ్రి కూతురివైపు చూశాడు.

‘పది రోజుల కిందటే చెప్పాను నాన్నా, చెవి వంకర పోయిందని. టీవీ చూస్తూ ‘ఆదివారం చూద్దాంలే’ అన్నారు.’

ఆ ఆదివారం వచ్చింది, వెళ్లింది కూడా. అతనికి గుర్తే లేదు.

పెద్దాయనకు డబ్బులివ్వబోతే, పొద్దున్నే వచ్చి కొత్త తాళం వేయించుకొమ్మని షట్టర్ దించేశాడు. తండ్రి స్కూటర్ మెల్లగా పోనిచ్చాడు. పక్కనే కూతురు సైకిల్. కొంతదూరం ఇద్దరూ మాట్లాడుకోలేదు. వంతెన దగ్గర అతనే అన్నాడు... ‘బ్రేకులు సరిగ్గా పడుతున్నాయా అమ్మలూ?’

‘వెనకది కొంచెం వదులైంది నాన్నా.’

‘అయితే రేపు తాళంతో పాటు అదీ చూపిద్దాం. ఆదివారం దాకా వద్దు.’