పట్నం పాలనలో పార్టీలు: ఓటరు చోటు ఎక్కడ?

తెనాలి మార్కెట్టులో కూరగాయల గంప దించే రైతుకు, బాపట్ల ఆసుపత్రికి బిడ్డను తీసుకుపోయే తల్లికి మునిసిపాలిటీలో ఓటు లేదు. అయినా అక్కడి రోడ్డూ, దీపమూ, మంచినీటి కుళాయీ వారికీ కావలసినవే. పట్నం మురుగు కాల్వ పూడిపోతే మునిగేది కింది పొలం. కనుక పట్నంలో ఏ పార్టీ జెండా ఎగురుతున్నదీ పల్లెలకు పట్టని సంగతి కాదు.

తెలుగుదేశం 1982 మార్చి 29న పుట్టి, 1983 జనవరిలో రాష్ట్రాధికారం చేపట్టింది. కరణం, మునసబు పదవులు పోయినప్పుడు, తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు ఆ మార్పు మన ఊళ్లకు తెలిసివచ్చింది. పట్నాల్లో మాత్రం దాని బండి అంత సాఫీగా నడవలేదు. విజయవాడ కార్పొరేషనుకు 1981లో తొలి మేయరు కమ్యూనిస్టు నాయకుడు టి.వెంకటేశ్వరరావు. 1995లో మళ్లీ ఆయనే. 2000లో తెలుగుదేశం తరఫున పంచుమర్తి అనూరాధ గెలిచారు. అప్పుడు మేయరుకు ఓటరే నేరుగా ఓటు వేశాడు. 2005 నాటికి కాంగ్రెసు ప్రభుత్వం ఆ పద్ధతి మార్చి, ఆ హక్కును కార్పొరేటర్లకు, కౌన్సిలర్లకు అప్పగించింది. తరువాత వచ్చిన ఏ ప్రభుత్వమూ దానిని తిరిగి ఓటరు చేతిలో పెట్టలేదు. పెడితే క్యాంపు రాజకీయాలకు పని ఉండదు కదా!

దీని ఫలితం గుంటూరులో కళ్లారా చూశాం. 2021 మార్చిలో అక్కడి ఓటర్లు వై.ఎస్.ఆర్. కాంగ్రెసుకు మంచి మెజారిటీ ఇచ్చారు. 2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. 2025 ఏప్రిల్‌లో మేయరు పీఠం తెలుగుదేశానికి దక్కింది. నడుమ ఓటరు పోలింగు కేంద్రం గడప తొక్కనే లేదు. విశాఖపట్నంలోనూ అదే నెలలో అదే తంతు.

అంతకన్నా విచారకరం, అసలు ఎన్నికలే లేకపోవడం. 2010లో గడువు తీరిన పురపాలక సంఘాలకు 2014 మార్చి దాకా ఎన్నికలు జరగలేదు. అప్పటి ప్రభుత్వం కాంగ్రెసుది. 2014లో ఏర్పడిన పాలకవర్గాలు 2019లో దిగిపోయాయి. తెనాలి, రేపల్లె ఓటర్లకు 2021 మార్చిలో మళ్లీ అవకాశం వచ్చింది. బాపట్లకు అదీ రాలేదు. ప్రత్యేకాధికారి పాలనే గతి అయింది. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా కేంద్రమైంది. కలెక్టరు కార్యాలయం వచ్చిన ఊరికి కౌన్సిలరు లేడు!

అధికారులు పని చేయరని ఈ విలేకరి అనడం లేదు. కానీ వీధి దీపం వెలగకపోతే రాత్రిపూట తలుపు తట్టి అడగడానికి వార్డు కౌన్సిలరు ఉండాలి. ప్రత్యేకాధికారి ఇల్లు ఎవరికి తెలుసు?

బాపట్లలో సభలు పెట్టే ప్రతి పార్టీ నాయకుడినీ ఓటర్లు ఒక్క మాట అడగాలి: 2021లో మా పట్నాన్ని ఎందుకు వదిలేశారు, అప్పుడు మీరు ఏమి చేశారు?