ఊపిరికి రెండు ముక్కలు

ధ్యానమంటే ఇల్లూ వాకిలీ వదిలి కళ్ళు మూసుకు కూర్చోవటమేనని మనలో చాలామంది అనుకుంటారు. బౌద్ధులలో అంత హంగామా లేని పద్ధతి ఒకటున్నది. నాలుగు చరణాలకు మించని చిన్న గాథ తీసుకుని దాన్ని ఊపిరితో ముడివేస్తారు. పీల్చేటప్పుడు ఒక చరణం, విడిచేటప్పుడు ఇంకొకటి. పైకి అననక్కరలేదు. మనస్సు ఎటో పోతే చరణం తప్పుతుంది. తప్పిందని తెలిసిన క్షణమే మనస్సు ఇంటికి వచ్చినట్టు!

ఊపిరిని గమనించటానికి ఆనాపానసతి సూత్రం పదహారు మెట్లు చెబుతుంది. ఈ గాథలు ఆ మెట్లెక్కేవారికి చేతికర్రల వంటివి. వియత్నాం భిక్షువు థిచ్ నాట్ హాన్ (1926–2022) పదహారో ఏట హ్యూ నగరం దగ్గర ఆశ్రమంలో చేరినప్పుడు మొదట వల్లె వేయించినవి ఇవే. నిద్ర లేవగానే ఒకటి, చేతులు కడుక్కుంటూ ఒకటి. అన్నీ చీనా భాషలో! తరువాత ఆయన వాటిని తన ప్రజల మాటలోకి తెచ్చారు. టెలిఫోను తీసేముందు, కారు నడిపేముందు అనుకునేవి కొత్తగా రాశారు.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనుక నాకు ఈ భాష సంగతే ముఖ్యంగా తోచింది. బుద్ధుడి మాటలను ఛందస్సులో పెడతామని ఇద్దరు భిక్షువులు అడిగితే ఆయన వద్దన్నారని చుల్లవగ్గంలో ఉన్నది. ఎవరి భాషలో వారు నేర్చుకోవచ్చునన్నారని దానికి చాలామంది చెప్పే అర్థం. మన వంశధార ఒడ్డున శాలిహుండం కొండమీది బౌద్ధక్షేత్రాన్ని 1919లో వెలుగులోకి తెచ్చిందెవరు? వాడుకభాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారే! చక్కగా కుదిరింది కాదూ?

వాడుకమాట బలం ఎంతటిదో ఉద్దానంలో చూశాను. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాలలో కిడ్నీ జబ్బు ఎన్ని కొంపల్ని కుంగదీసిందో మీరెరుగుదురు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అయినా డయాలిసిస్ మిషను పక్కన సుమారు నాలుగేసి గంటలు గడపక తప్పదు. లోపల రోగికి ఎంత బరువో, బయట కూర్చున్నవారికీ అంతే.

పలాసలో జీడిపప్పు పొట్టు తీసే ఒకావిడ, భర్తను అక్కడికి తీసుకొస్తూ ఉంటుంది. “ఆ నాలుగ్గంటలూ గుండె దడే, మాస్టారు బాబూ” అన్నది. ఊపిరి సంగతీ, గాథ సంగతీ చెప్పి, మాటలు మాత్రం నీవే కూర్చుకోమన్నాను. కాసేపు ఆలోచించి అన్నది:

“పప్పు ఉండిపోనాది,
పొట్టు ఎగిరిపోనాది.”

మొదటిది పీల్చేటప్పుడు, రెండోది విడిచేటప్పుడు. రోజంతా ఆమె చేతులు చేసే పనే అది. భయం పొట్టు, మనిషి పప్పు అని వ్యాఖ్యానం రాయటం నాబోటిగాడి పని. ఆమెకు వ్యాఖ్యానం అక్కర్లేదు.

ఒక్క మనవి. గాథ కిడ్నీని బాగుచెయ్యదు. మందులూ, డాక్టరూ, మంచినీళ్ళూ చెయ్యవలసిన పని అవే చెయ్యాలి. ఊపిరిని బలవంతాన బిగబట్టనూ వద్దు. వచ్చేదాన్ని రానివ్వటం, పోయేదాన్ని పోనివ్వటం, అంతే. ఆ నాలుగు గంటలను భయం పూర్తిగా మింగెయ్యకుండా చూడటం వరకే ఈ రెండు ముక్కల పని. ఆ మాత్రమైనా తక్కువేమీ కాదు.

పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర నిలబడే ఇల్లాలూ, టెక్కలి బస్టాండులో బస్సు కోసం ఎదురుచూసే గుమాస్తా గారూ, మీరూ రెండు ముక్కలు కూర్చుకోండి. వ్యాకరణం తప్పినా నేను మార్కులు తగ్గించను!