మిర్చి ఏరేటప్పుడు మనవాళ్లే
2005లో బస్తర్‌లో మావోయిస్టుల మీదికి సల్వాజుడుం దళాలు రేగాక ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన గుత్తికోయలకు భూపాలపల్లి వైపు అడవులే పరదేశం. బస్తర్‌లో ఎస్టీలు; ఆ జాబితా రాష్ట్రానికొకటి కాబట్టి ఇక్కడ ఏమీ కారు. జుడుం పేరిట ఆదివాసీ యువకులకు తుపాకులివ్వడం రాజ్యాంగవిరుద్ధమని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది, ఈ గుత్తికోయల సంగతే తేలలేదు. మిర్చి ఏరే రోజుల్లో మాత్రం ట్రాక్టర్ పంపి మరీ పిలుస్తాం. సంతలో తెలుగు రాని తల్లి తరఫున బడికెళ్లే పిల్లాడు బేరమాడి ఐదు రూపాయలు తగ్గిస్తే ఆమె మొహం చూడాలి! డాలస్‌లో కొడుకు వీసా కాగితం ఆలస్యమైతే నిద్రపట్టని జనగామ, మానుకోట తల్లిదండ్రులకు పరాయిచోట కాగితం లేని ఈ బాధ ఒకరు చెప్పాలా? పోడు మీద అటవీశాఖతో తగవు వేరే సంగతి, అందులో న్యాయం రెండువైపులా ఉంది. గూడేనికో బోరింగు వేయడానికి కులపత్రం ఎందుకు?