సజ్జ మీద పడేస్తే దాచినట్టేనా?

పాత వీడియో గేములు ఎట్లా దాచుకోవాలి అనే మాట వస్తే మన సాఫ్ట్‌వేర్ జనాల దగ్గర రెండే జవాబులుంటాయి. ఒకటి: "ఇంకా అవెందుకన్నా, ఎమ్యులేటర్ ఉంది కదా, మొత్తం ఒక్క పెన్‌డ్రైవ్‌ల పడతయి." రెండోది: "మా ఊర్ల ఇంట్ల సజ్జ మీద భద్రంగ ఉన్నయి." మొదటివాడు గేమును పారేస్తాడు, రెండోవాడు మెల్లగా చంపుతాడు. నా మట్టుకు నాకు మొదటివాడే కొంచెం నయం. కనీసం తనేం చేస్తున్నాడో వాడికి తెలుసు.

(క్యాసెట్ అనకూడదు, క్యాట్రిడ్జ్ అనాలి అని ఎవరూ సరిదిద్దకండి. కరీంనగర్లో, మంచిర్యాలలో, ఆదిలాబాద్‌లో అది క్యాసెట్టే.)

మనలో చాలామంది అసలు నింటెండో డబ్బాను చిన్నప్పుడు కళ్ళతో చూసింది లేదు. మనం చూసినవి సమురాయ్, మీడియా, లిటిల్ మాస్టర్ లాంటివి. జపాన్‌లో 1983లో వచ్చిన ఫామికామ్‌కి నకళ్ళు. అరవై పిన్నుల పసుప్పచ్చ క్యాసెట్టు, దాని మీద లక్షల్లో గేములున్నట్టు అంకె, లోపల చూస్తే ఓ పది పన్నెండు గేములే తిప్పి తిప్పి. కాంట్రా, మారియో, ట్యాంకుల గేమ్. మా బాపు జీతంలోంచి మిగిల్చి కొన్నది. ఈ లెక్క తెలిసినవాళ్ళకి అది ప్లాస్టిక్ డబ్బా కాదని నేను వేరే చెప్పక్కర్లేదు.

అంత ప్రేమ ఉన్న వస్తువుని తీసుకెళ్ళి ఎక్కడ పెట్టాం? సజ్జ మీద. మనం గచ్చిబౌలిలోనో డాలస్‌లోనో ఉంటాం, ఊళ్ళో అమ్మ సజ్జ మనకి ఉచిత క్లౌడ్ స్టోరేజీ. ఏటా దసరా ముందు ఇల్లు దులిపేటప్పుడు ఫోనొస్తుంది. "బిడ్డా, గీ డబ్బ ఉంచాల్నా, పాత సామాన్ల ఆటోల ఏయాల్నా?" మనం మీటింగులో ఉంటాం. "ఉంచమ్మా, ఉంచు" అని కట్ చేస్తాం. స్టోరేజీ రెన్యూ అయింది!

ఆ సజ్జ ఎట్లాంటి చోటో ఒక్కసారి ఆలోచించండి. రామగుండంలో మే నెలలో నీడలోనే 45 డిగ్రీలు దాటుతుంది. పైన స్లాబు రోజంతా కాలి, ఆ వేడిని రాత్రంతా గదిలోకి వదుల్తుంది. సజ్జ ఉండేది సరిగ్గా దాని కిందే. రేకుల ఇల్లయితే ఇక చెప్పేదేముంది. కన్సోల్ బోర్డు మీద ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకి ఎలక్ట్రానిక్స్ వాళ్ళు చెప్పే మోటు లెక్కొకటుంది: పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగం. వాడినా వాడకపోయినా లోపలి ద్రవం ఎండుతుంది, లేదంటే కారి రాగి గీతల్ని తింటుంది. బూడిద రంగు డబ్బాలు పసుపెక్కేది కూడా ఎండ, వేడి వల్లే. ప్లాస్టిక్‌లో మంట అంటుకోకుండా కలిపే బ్రోమిన్ రసాయనాల పాత్ర కూడా అందులో ఉందంటారు.

ఇక మన 'జాగ్రత్తలు' చూడండి. థర్మోకోల్లో పెట్టి కంట్రోలర్ వైరు దాని మీదే చుడతాం. వైరు తొడుగు మెత్తగా ఉండటానికి కలిపిన ద్రవం ఏళ్ళు గడిచేకొద్దీ బయటికొచ్చి థర్మోకోల్‌నే కాదు, కంట్రోలర్ ప్లాస్టిక్‌నూ కరిగిస్తుంది. వైరు ఆకారంలో అచ్చు పడుతుంది, ఇక అది పోదు. రబ్బరు బ్యాండేస్తే అది జిగురై అంటుకుంటుంది. పురుగు పట్టకుండా కలరా ఉండలేస్తాం, ఆ ఆవిరి కొన్ని ప్లాస్టిక్కులని మెత్తబరుస్తుంది. అట్టపెట్టె అయితే చెదలకి పండగే. అన్నిటికన్నా ఘోరం కూలర్. వేసవంతా నీళ్ళ కూలర్ నడిచే గదిలో అదే గోడకి సజ్జ! బయట గాలి ఎముకలా ఎండిపోయి ఉంటే మనం ఇంట్లో కష్టపడి తేమ తయారు చేసి క్యాసెట్ పిన్నులకి పట్టిస్తున్నాం. గోదావరిఖని, బెల్లంపల్లి వైపు ఇళ్ళలో దీనికి బొగ్గు దుమ్ము అదనం. దుమ్ము, తేమ కలిస్తే పిన్ను నల్లబడుతుంది. అప్పుడు మనం చేసేది మీకు తెలుసు: ఉఫ్ఫ్ అని ఊదడం. ఉమ్మి తడితో అది ఇంకా పాడవుతుంది, ఊదొద్దని నింటెండోనే చెప్పింది. ఊదితే పనిచేసినట్టు అనిపించేది, తీసి మళ్ళీ పెట్టడం వల్లే ఎక్కువగా. దూదిపుల్ల, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు.

దీనికి అమెరికా కలెక్టర్ల దగ్గర రెడీగా ఉండే సలహా 20 డిగ్రీలు, 50 శాతం లోపు తేమ, ఏడాదంతా ఏసీ. బాగుంది. ఒక డబ్బా కోసం కరీంనగర్లో 24 గంటల ఏసీ వేయిస్తే బాపు నన్ను సజ్జ ఎక్కిస్తాడు. పైగా రాత్రి నడిచి పగలు ఆగే ఏసీ గదిలో వేడీ తేమా రోజూ పైకీ కిందకీ ఊగుతుంటాయి, దానికన్నా స్థిరంగా ఉండే మామూలు గది మేలు. మనకి కావాల్సింది ఇంటి మధ్య గదిలో, బయటి గోడకి ఆనని ఇనుప బీరువా, అందులో నడుము ఎత్తు అర. నేల మీద మాత్రం వద్దు. 2022 జులైలో మంచిర్యాల కాలనీల్లోకి గోదావరి వచ్చినప్పుడు మంచాల కిందున్నవే ముందు మునిగాయి. గాలి దూరని మూతల డబ్బా, అందులో రంగు మారే సిలికా జెల్. ఇక్కడే అందరూ వదిలేసే విషయం ఒకటుంది. డబ్బా ఏ నెలలో మూస్తారో ఆ నెల గాలే లోపల ఉండిపోతుంది. శ్రావణంలో ఊరికెళ్ళినప్పుడు మూస్తే వాన తేమని లోపలపెట్టి తాళమేసినట్టు. ఏప్రిల్, మే నెలల్లో, కూలర్ లేని గదిలో మూయాలి. మన ఎండలు మనకి చేసే మేలు ఇదొక్కటే, అది కూడా వాడుకోకపోతే ఎలా?

అడాప్టర్లకి చీటీ కట్టండి. ఫామికామ్‌కీ, మెగాడ్రైవ్ మొదటి మోడల్‌కీ పిన్ను మధ్యలో నెగటివ్. మెగాడ్రైవ్ రెండో మోడల్‌కి పాజిటివ్. పదేళ్ళ తర్వాత ఏది దేనిదో ఎవరికీ గుర్తుండదు. రిమోట్ సెల్స్ లాంటివి ఉంటే తీసేయండి, అవి కారతాయి.

ఇప్పుడు పెన్‌డ్రైవ్ మిత్రుడి దగ్గరికొద్దాం. పాత క్యాసెట్లలో ఎక్కువగా ఉండేది మాస్క్ రామ్. అందులో డేటా ఫ్యాక్టరీలో చిప్పు తయారైనప్పుడే దాని నిర్మాణంలో అచ్చయిపోయింది, కారిపోయే చార్జి ఏదీ లేదు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నది చార్జే. కరెంటు తగలకుండా ఏళ్ళ తరబడి వేడిలో పడేస్తే అది తగ్గుతుంది. అంటే పిన్నులు బాగుంటే 1990 నాటి క్యాసెట్టు బతికి, మీ 'బ్యాకప్' పోయే అవకాశం ఉంది. (తర్వాత వచ్చిన నకిలీ క్యాసెట్లలో ఫ్లాష్ వాడినవీ ఉన్నాయి, వాటికి ఈ ధీమా లేదు.) ఇంకోటి, గేమ్ ఇంటర్నెట్‌లో దొరుకుతుంది, నీ సేవ్ దొరకదు. జెల్డా, పోకెమాన్ లాంటి వాటిలో రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఆ సేవ్‌ని పట్టుకుని ఉంటుంది. అది చచ్చిన రోజు మీ తమ్ముడు ఆరో తరగతి సెలవులన్నీ పెట్టి పెంచిన పోకెమాన్లు పోతాయి. బ్యాటరీ మార్చే ముందే యూఎస్‌బీ డంపర్ బోర్డుతో రామ్, సేవ్ రెండూ చదివి, చెక్‌సమ్ రాసి, రెండు చోట్ల పెట్టాలి. ప్రొడక్షన్ డేటాబేస్‌కి ఇంతకన్నా ఎక్కువే చేస్తాం కదా, రిస్టోర్ చేసి మరీ చూస్తాం. మన కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ సొంత ప్రోగ్రాముకి రక్షణగా కాపీ తీసుకోనిస్తుంది కూడా. సమురాయ్ క్యాసెట్టుకి ఆ మాట వర్తించదనుకోండి, అదే దొంగ సరుకు!

"అవన్నీ ఎవరో ఒకరు దాస్తారులే" అనేది చివరి వాదన. ఎవరు? 2010కి ముందు అమెరికాలో వచ్చిన గేముల్లో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. అది అమెరికా సంగతి. మన దగ్గర 1954 చట్టం ప్రకారం పబ్లిషర్లు లైబ్రరీలకి కాపీలు ఇవ్వాల్సింది పుస్తకాలు, పత్రికలకే, గేములకి కాదు. మారియోని దాచడానికి నింటెండో ఉంది. 2009లో హైదరాబాద్‌లో అరోనా టెక్నాలజీస్ చేసిన 'హనుమాన్: బాయ్ వారియర్' సంగతేంటి? పూర్తిగా భారత్‌లోనే తయారైన మొదటి ప్లేస్టేషన్ గేమ్ అని సోనీ చెప్పుకుంది. అదే ఏడాది హైదరాబాద్‌లోనే గేమ్‌శాస్త్ర చేసిన 'దేశీ అడ్డా'లో కబడ్డీ, పతంగులు, మన చిర్రగోనె ఉన్నాయి. మన పక్క క్యూబికల్ వాళ్ళు రాసిన కోడ్ అది. ఇవి బాగున్నాయా లేదా అన్నది వేరే గొడవ (హనుమాన్ నాకు నచ్చలేదు). వీటి పీఎస్2 డిస్కులు ఇప్పుడు ఉన్నవి ఎవరో ఒకరి సజ్జ మీదే. మీ ఇంట్లో ఒకటుంటే ఈ వారం అమ్మకి ఫోన్ చేసి దింపించండి. గీతలు లేకపోతే మామూలు పీసీ డీవీడీ డ్రైవ్‌లోనే ఇమేజ్ తీయొచ్చు, అరగంట పని. తర్వాత డిస్కుని బీరువాలో నిలబెట్టండి, పడుకోబెట్టి మీద సూట్‌కేసు పెట్టకండి.