పిల్లలాట ప్రభుత్వమైన వేళ

ప్రపంచాన్ని అంతం చేసే పథకం ఓ నోటుపుస్తకంలో ఉంది. 1969 వేసవి సెలవుల్లో, ఖాళీ స్థలంలో గడ్డితో కట్టుకున్న గుడిసెలో కూర్చుని బడిపిల్లలు రాసుకున్న కట్టుకథ అది. దుర్మార్గులు వైరస్ వదులుతారు, టోక్యో మీదికి రాక్షస రోబో వస్తుంది, హీరోలు అడ్డుకుంటారు. పెద్దయ్యాక అందరూ మరిచిపోయారు. ఒక్కడు తప్ప. ముసుగు తగిలించుకుని 'మిత్రుడు' అనే పేరుతో ఓ మతబృందాన్ని నడుపుతూ, వాడు ఆ పుస్తకాన్ని పేజీల వారీగా అమలు చేస్తుంటాడు.

నవోకి ఉరసవా 1999లో మొదలుపెట్టిన 'ట్వంటియెత్ సెంచురీ బాయ్స్' మాంగా కథ ఇది. దర్శకుడు యుకిహికో త్సుత్సుమి దీన్ని 2008-09లో మూడు సినిమాలుగా తీశారు. మొత్తం ఖర్చు 600 కోట్ల యెన్‌లు, నిడివి ఏడు గంటలకు పైనే. కాగితం మీది బొమ్మలకు నకళ్లలాంటి నటులను ఏరి తెచ్చారు. ఆ విధేయతే అక్కడక్కడా కథనాన్ని నడవనివ్వదు. కానీ గిటార్ వదిలేసి, అక్క కూతుర్ని వీపున కట్టుకుని కిరాణా కొట్టు నడిపే కెంజీగా తొషియాకి కరసవా మాత్రం నిజమైన మనిషిలా ఉంటాడు.

ఇక్కడ 'ఓం షిన్రిక్యో' గుర్తుకు రాక మానదు. షోకో అసహరా నడిపిన ఆ బృందం 1990 పార్లమెంటు ఎన్నికల్లో 25 మందిని నిలబెట్టింది. అనుచరులు గురువు ముఖాన్ని పోలిన ముసుగులతో వీధుల్లో ప్రచారం చేశారు. జనం నవ్వుకున్నారు, 25 మందినీ ఓడించారు. అయిదేళ్లకు, 1995 మార్చి 20న, వారే టోక్యో సబ్‌వేలో సారిన్ విషవాయువు వదిలారు. 2018లో అసహరా సహా 13 మందిని ఉరితీశారు.

సినిమా ఆ వరసను తిరగేసింది. అసలు భయపెట్టేది అదే. ముందు విపత్తు, తర్వాత అధికారం. 2000 డిసెంబర్ 31 రాత్రి వైరస్ వదిలిందీ 'మిత్రుడే', టీకాతో కాపాడిందీ 'మిత్రుడే'. అడ్డుపడిన కెంజీ ఉగ్రవాదిగా మిగిలాడు. రెండో భాగంలో, 2015 నాటికి, బడి పాఠాల్లో చరిత్ర అదే. ఆ రాత్రి గురించి ఆరా తీసిన ఓ విద్యార్థినిని బుద్ధి 'సరిచేసే' శిబిరానికి పంపుతారు. రోబో కంటే ఈ శిబిరమే ఎక్కువ వణికిస్తుంది. (రోబో గ్రాఫిక్స్ అంతంతమాత్రమే.)

మూడో భాగంలో 'మిత్రుడు' ఏకంగా ప్రపంచాధ్యక్షుడు. అతణ్ని నెత్తిన పెట్టుకున్న కోట్లమంది ఎవరు, తర్వాత వారేమయ్యారు? దర్శకుడు ఈ ప్రశ్నను దాటేశారు. ఆయన దృష్టంతా ఆ ఒక్కడి మీదే. చిన్నప్పుడు కెంజీ ఓ కొట్లో బొమ్మ బ్యాడ్జి దొంగిలించాడు. నింద మరో పిల్లవాడి మీద పడింది. ఆ రోజు నుంచి తోటివారు వాణ్ని చచ్చిపోయినవాడిగా చూశారు. కెంజీ నోరు విప్పలేదు. లోకాన్ని కాపాడినవాడి ఖాతాలో ఉన్న ఈ బాకీని సినిమా మాఫీ చేయలేదు.

మాంగాలోని ముగింపును సినిమా కోసం మార్చారు. కెంజీ ఆ పిల్లవాడి దగ్గరికి వెళ్లే సన్నివేశం చివరి పేర్లన్నీ పడిపోయాక వస్తుంది. అవి మొదలవగానే లేచిపోయేవారికి అది దక్కదు.